మా వాడు నాకు కాదు, ఆవిడకి చెప్పాడు

మా వియ్యపురాలు పోయింది. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, తలకి నూనె పెట్టుకుని వరండాలో కుర్చీలో కూర్చుందట. తలంటుకోడానికి మళ్ళీ లేవలేదు. ఆసుపత్రి లేదు, మంచాన పడడం లేదు, ఎవరినీ ఒక్క పూట ఇబ్బంది పెట్టింది లేదు. మా కోడలు ఫోను పక్కన పెట్టి ఏడుస్తూ ఈ సంగతి చెబుతుంటే నాకు దుఃఖంతో పాటు ఇంకోటి కూడా కలిగింది. ఇందులో కూడా ఈవిడే ముందు! అదీ నాకన్నా పద్ధతిగా. నేనైతే పోయేముందు కనీసం ఇద్దరు డాక్టర్లతో తగువు పెట్టుకునే పోతాను.

ఆవిడ మా కోడలి తల్లి. లాలాగూడలో పుట్టి పెరిగి, రైల్వేలో చేరి, సికింద్రాబాద్ స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్లో కూర్చుని రిటైరైన మనిషి. మేం కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెప్పాను. నేను ఆవిడని వదినగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను 'వదినా' అనేసేది. ఆ 'గారు' ఎక్కడ పారేసుకుందో అని మొదటి రెండేళ్ళూ వెతుక్కున్నాను.

ఈ స్మృతిలో మా మనవడి సంగతి ఉంది. వాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. వాడినీ వాడి తల్లిదండ్రులనీ అడిగి, వాడు సరేనన్నాకే రాస్తున్నాను. వాడి పేరు గానీ నా పేరు గానీ ఉండవు. మేం సికింద్రాబాద్‌లో ఎక్కడో ఒక అపార్ట్‌మెంట్లో ఉంటామనుకోండి. కింద చదరంగం అని రాస్తాను. అది మరో ఆట అయినా కావచ్చు. ఆరాలు తీసేవాళ్ళకి నా దగ్గర ఇంతకు మించి దొరకదు.

ముందు నా అసూయ సంగతి చెబుతాను. మనవడు నా చేతుల్లో పెరిగాడు. వాడి ముక్కు నాది. అయినా వాడికి లాలాగూడ అమ్మమ్మ వస్తోందంటే చాలు, పొద్దుటినుంచీ బాల్కనీలోనే కాపురం. ఆవిడ దగ్గర రైళ్ళుండేవి మరి. ఏ బండి ఎక్కడ ఆగుతుందో, ఏ బండికి ఎందుకు ఆలస్యమో అన్నీ చెప్పేది. అన్నం తినిపించేటప్పుడు ముక్కుతో గొంతు మార్చి, "యాత్రికులు దయచేసి వినాలె. పప్పన్నం ఎక్స్‌ప్రెస్ మరి కాసేపట్ల ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నది" అనేది. వీడు నోరు తెరిచేవాడు. నేను డిమాండు-సప్లయి సిద్ధాంతంతో ఏ పిల్లాడి నోరు తెరిపించగలను?

ఇంకోటి. మా వైపు పిల్లలున్న ఇంటికి ఎవరొచ్చినా ఒక తంతు ఉంటుంది. "తాతగారికి ముద్దు పెట్టు", "మావయ్య ఒళ్ళో కూర్చో", పెట్టకపోతే "సిగ్గురా వీడికి". ఆవిడ వచ్చిందంటే గుమ్మంలో ఆగి, "ఏంది బిడ్డా, ఇయాళ షేక్‌హ్యాండా, దండమా, ఏమొద్దా?" అని అడిగేది. వాడు "ఏమొద్దు" అంటే "సరే" అని చెప్పులు విప్పుకునేది, అంతే. ఇది ప్రేమేనా, బస్ కండక్టర్ వ్యవహారమా అనుకునేదాన్ని. వాడేమో ఆ తర్వాత అయిదు నిమిషాలకే వెళ్ళి ఆవిడ మెడకి వేలాడేవాడు. నేను అడిగి పుచ్చుకున్న ముద్దులన్నీ ఆ ఒక్క వేలాటకి దిగదుడుపు.

"మీరలా అడగడమేంటి వదినగారూ, వాడు మన పిల్లాడేగా?" అన్నాను ఒకసారి.

"మన పిల్లగాడే. ఒళ్ళు మాత్రం ఆనిది గద వదినా" అంది.

మా బిల్డింగ్‌లో ఒక పెద్దమనిషి పిల్లలకి ఉచితంగా చదరంగం నేర్పేవాడు. మర్యాదస్తుడు. పండక్కి అందరికంటే ముందు ఆయన ఫోనే వచ్చేది. నేను పులిహోర పంపిస్తే గిన్నె తోమించి, అందులో పళ్ళు వేసి పంపేవాడు. "మీరు గుడికి వెళ్ళిరండి మేడమ్, బాబుని నేను చూసుకుంటాను" అనేవాడు. చుట్టాల్లో కూడా ఇంత సాయం ఎవరు చేస్తారని మేమంతా మురిసిపోయాం.

మా వాడికప్పుడు ఎనిమిదేళ్ళు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. చదరంగం ఉన్న రోజున కడుపునొప్పి వచ్చేది. స్నానానికి వెళితే లోపల గడియ వేసుకుని, బయటి నుంచి రెండుసార్లు లాగి చూడమనేవాడు. చిన్నమాటకి చేతిలో ఉన్నది విసిరికొట్టేవాడు. ఒకనాడు వాడి సంచిలో మేం కొనని ఖరీదైన పెన్ను కనపడింది. "ఎక్కడిదిరా?" అన్నాను. వాడు నా మొహం చూశాడు, నోరు మూసుకున్నాడు.

నా మొహం గురించి కూడా చెప్పాలి. నా విద్యార్థులు ఫలితాలు రాకముందే నా మొహంలో తమ మార్కులు చూసుకునేవారు. ఆవిడ మొహం అలా కాదు. "అమ్మా, పెళ్ళివారి బండి వెళ్ళిపోయిందా?" అని ఒక ఊరేగింపు మొత్తం వచ్చి కౌంటర్ మీద పడ్డా చలించకుండా తర్వాతి బండి చెప్పిన మొహం. ఇంట్లోంచి పారిపోయి స్టేషన్లో దిగిన పిల్లల్ని పోలీసులొచ్చేదాకా ఆవిడ దగ్గర కూర్చోబెట్టేవారట. వాళ్ళు ఏం చెప్పినా ఆ మొహం మారేది కాదు. ఆ మొహాన్ని నేను చాలాకాలం పొగరనుకున్నాను.

ఎండాకాలం. ఆవిడ చింతచిగురు పట్టుకొచ్చింది. బాల్కనీలో చాప వేసుకుని, పుల్లలు ఏరుతూ వాడికీ ఒక గుప్పెడు ఇచ్చింది. కోడలు ఆఫీసులో ఉంది. నేను వాళ్ళ వెనక వంటింటి గుమ్మంలో, వాడికి కనపడకుండా ఉన్నాను. ఆవిడ ఏమీ అడగలేదు. కాసేపటికి తల ఎత్తకుండానే, "కడుపు నొప్పి రోజూ వస్తలేదు గదా బిడ్డా, కొన్ని రోజులే వస్తది. ఆ రోజులల్ల ఏమైతది?" అంది.

వాడు చాలాసేపు ఆకులు ఏరాడు. తర్వాత చెప్పాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. అది వాడిది. ఆ మనిషి చేసింది పిల్లలతో ఎవరూ, ఎప్పుడూ చెయ్యకూడనిది. ఎవరికీ చెప్పొద్దని వాడికి పెన్నిచ్చాడు. అంతవరకు చాలు. ఆవిడ చేతులు ఆగలేదు. మధ్యలో "ఊఁ" అంది, అంతే.

వాడు అడిగాడు: "ఎవరికీ చెప్పవుగా అమ్మమ్మా?"

నేనైతే చెప్పనని ఒట్టేసేదాన్ని. ఆవిడ వెయ్యలేదు. "చెప్త బిడ్డా. నిన్ను కాపాడేటోళ్ళకు చెప్త. ఊరందరికీ కాదు. నువ్ చెప్పింది నేను నమ్మిన. నీ తప్పు జెర కూడ లేదు. చెప్పి మంచి పని చేసినవ్. మీ అమ్మకు నేను చెప్పాల్నా, ఇద్దరం కల్సి చెప్దామా?"

"ఇద్దరం" అన్నాడు వాడు.

నేను అప్పటికే చెప్పులేసుకున్నాను. కింద ఫ్లోరుకి వెళ్ళి ఆ పెద్దమనిషి తలుపు విరగ్గొట్టాలని. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. "ఇప్పుడు లొల్లి జేస్తే గాయన హుషారైతడు, తప్పించుకుంటడు, పిల్లగాడు పరేషాన్ అయితడు. ఇదంత నా వల్లనే అయిందనుకుంటడు. జెర ఆగు వదినా. నీ కోపం నాకు తర్వాత కావాలె."

ఆ సాయంత్రం వాడు తల్లి పక్కన కూర్చుని మళ్ళీ చెప్పాడు. కొడుకు, కోడలు పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు. ఒక పోలీసమ్మాయి యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చి, వాడి మాట రాసుకుంది. చుట్టాలు ఆరాలు తీస్తూ వస్తుంటే ఆవిడ గుమ్మంలోనే, "ఆడు చెప్పాల్సినోళ్ళకు చెప్పిండు. మీరు చాయ తాగి పోన్రి" అని పంపేసింది. పిల్లాడి చేత పదిమందికి పదిసార్లు చెప్పించడం కూడా హింసేనట. నాకు అప్పటిదాకా తట్టలేదు.

తర్వాత అపార్ట్‌మెంట్ పెద్దలు ముగ్గురు వచ్చారు, రాజీకి. అప్పుడు ఆవిడ నన్ను చూసి తల ఊపింది. నా వంతు వచ్చిందన్నమాట.

"మగపిల్లాడేగా మేడమ్, నాలుగు రోజులు పోతే మర్చిపోతాడు" అన్నాడొకాయన.

"మగపిల్లాడికి ఒళ్ళు చెక్కతో చేస్తారా అండీ? మీదెక్కడ చేయించారు?" అన్నాను.

"ఆయన పరువు చూడండి..."

"పరువు ఆయనది, పిల్లాడు మాది. ఎవరిది వాళ్ళం చూసుకుందాం. మెట్లు అటు."

వాళ్ళు దిగిపోయాక ఆవిడ, "ఈ నోరు నాకుంటే స్టేషన్ మొత్తం నేనే నడుపుతుంటి" అంది. నన్ను చూసి ఆవిడ కూడా ఈర్ష్య పడింది! ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు గానీ, ఈ ఒక్క మాట మాత్రం దాచుకుని తిన్నాను.

ఆ మనిషికి శిక్ష పడింది. ఆ వివరాలు ఆయన గురించి రాసేటప్పుడు రాయాలి. ఇది ఆవిడ గురించి.

మా బిల్డింగ్ తల్లులు, కొందరు తండ్రులు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఫ్లాటు నాది, టీ నాది, బిస్కెట్లు నావి. వచ్చేది మాత్రం ఆవిడ కోసం. "పిల్లలు నోటికంటె ముందు కడుపుతోని చెప్తరు, నిద్రతోని చెప్తరు" అనేది. "మన పిల్లలతోని మస్తు మంచిగుండి, ఒంటరిగ ఉండేటందుకు సాకులు చూసేటోడు ముందు మనల్నే మంచి చేస్కుంటడు" అనేది. నా పులిహోర గుర్తొచ్చి నేను టీ గ్లాసులు తీసేదాన్ని. ఒంటి భాగాలకి ముద్దుపేర్లు పెట్టకుండా అసలు పేర్లే నేర్పమనేది, "పేరు తెల్వకుంటే ఫిర్యాదు ఎట్ల చేస్తరు?" ఒక్క సూచన కనపడగానే ఎవరినో దొంగని చెయ్యొద్దని, పిల్లలు ఉన్నట్టుండి మారితే మాత్రం ఊరుకోవద్దని చెప్పేది. సర్‌ప్రైజులు ఉండొచ్చట, నాలుగు రోజులకి బయటపడతాయి గనక. ఎప్పటికీ చెప్పకూడని రహస్యం మాత్రం పిల్లల దగ్గర ఒక్కటి కూడా ఉండకూడదట.

మా వాడు కొన్నాళ్ళు కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాడు. పక్క ఆరింది, కడుపు నెమ్మదించింది. నా కడుపే నెమ్మదించలేదు. ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను: "రోజూ వాడికి తల దువ్వేదాన్ని నేను. వాడు నాకెందుకు చెప్పలేదు వదినగారూ?"

ఆవిడ దాచకుండా చెప్పేసింది. "నువ్ ఏడుస్తవని. నీ మీద ప్రేమ తక్వై కాదు వదినా, మస్తు ఎక్వై దాసిండు. నేను ఏడ్వనని నాకు చెప్పిండు. ఇంటికి పొయినంక నేనెంత ఏడ్చిన్నో ఆనికి తెల్వది."

అది ఓదార్పో, దెబ్బో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. లాలాగూడ ఇంట్లో ఆవిడ ఒక్కతే కూర్చుని ఏడ్చిందన్న సంగతి మాత్రం ఆ రోజు నుంచి నాతోనే ఉంది.

ఇప్పుడు ఆవిడ లేదు. అందరూ వచ్చి మంచి మనిషి పోయిందన్నారు. నన్ను పట్టుకున్న భయం వేరు. మా వాడికి చెప్పుకునే చోటు పోయింది. పెద్దవాడవుతున్నాడు, రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. రేపు వాడికి ఏ కష్టమైనా వస్తే ఎవరి దగ్గర కూర్చుంటాడు? నా మొహమా, ఈ వయసులో మారేది కాదు.

మొన్న బుధవారం స్కూలు నుంచి వచ్చాడు. బూట్లు విప్పలేదు. బిస్కెట్లు పెడితే చూడలేదు. "ఏంట్రా?" అని నోటిదాకా వచ్చింది. వాడు నన్ను దాటుకుని గదిలోకి వెళ్ళాడు. మా కోడలు అక్కడే లాప్‌టాప్ ముందు ఆఫీసు మీటింగులో ఉంది.

"అమ్మా, ఒకటి చెప్పాలి."

"మళ్ళీ కలుస్తాను" అని ఎవరితోనో అంది. లాప్‌టాప్ మూసిన చప్పుడు. తలుపు దగ్గరికి వేశారు.

హాల్లో నిలబడ్డాను. మాటలు వినపడలేదు. వాడి గొంతు, మధ్యలో కోడలి గొంతు, మళ్ళీ వాడిదే, చాలాసేపు. నాకు కాదు, ఈసారి కూడా నాకు కాదు. అప్పుడు తల్లిని చూసి ఈర్ష్య పడ్డాను, ఇప్పుడు కూతుర్ని చూసి. ఈ ఇంట్లో నాకు ఆ పనికి కొదవ లేదు.

వంటింట్లో కుక్కర్ విజిల్ వెయ్యడానికి బుసకొడుతోంది. పరుగున వెళ్ళి స్టవ్ కట్టేశాను. పప్పు ఉడకలేదు. ఉడక్కపోతే పోనీ. లోపల వాడు ఇంకా చెబుతూనే ఉన్నాడు.