టేకు మొద్దు మీది బూట్లు

నా చిన్నప్పుడు గోకుందలో మా పక్కిల్లు ఒక గోండు అవ్వది. ఆమె ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో ఉండేవాడు. పిల్లలందరికీ ఫౌజీ మామ. ఒక ఏడు యుద్ధం నుంచి మనిషి రాలేదు, కబురు వచ్చింది. పోయినవాళ్ల పేర టేకు మొద్దు చెక్కి ఊరి అంచున పాతడం వాళ్ల ఆచారం. ఇంట్లో మామ ఫోటో ఒక్కటీ లేదు. బడిలో నాకు బొమ్మల పిల్ల అని పేరుండటంతో, చెక్కే తాతకు చూపడానికి కొడుకు బొమ్మ గీసివ్వమని అవ్వ నన్నే అడిగింది.

పొంగిపోయి రెండు రోజులు కూర్చుని గీశాను. కోరమీసం, ఛాతీ నిండా పతకాలు, చేతిలో తుపాకీ. నిజానికి అది మా ఇంటి క్యాలెండర్‌లోని జవాను. మామకు మీసమే లేదు. నేనే ఉదారంగా ఇచ్చాను.

చెక్కే తాత కూడా చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు. అవ్వ ఆ కాగితాన్ని చాలాసేపు వేలితో తడిమింది.

"మంచిగున్నడు బిడ్డా. ఎవల కొడుకు?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. తాతకు చెక్కడం వచ్చు, నాకు చెక్కేయడం వచ్చు. గుమ్మం దాకా జారుకున్నాను.

"ఏడికి పోతున్నవ్ పోరీ?" అని తాత పిలిచాడు. "గీ సిపాయిని నేనెన్నడు చూడలే. నువ్వు చూసినోణ్ని చెప్పు. కండ్లు మూసుకో, ఏం కనబడుతున్నది?"

కనబడింది చెప్పుకోదగ్గది కాదు. కిందటి దీపావళికి గోండులు ఆడే దండారి నాట్యంలో, డోలు మెడకు వేసుకునే ముందు మామ తన బూట్లు విప్పి నన్ను కాపలా పెట్టాడు. నేను కాపలా మాని వాటిలో కాళ్లు పెట్టాను. నాలుగడుగులు వేసి బురదలో బోర్లా పడ్డాను. మామకు నవ్వు ఆగక డోలు దెబ్బ తప్పింది, ఆట ఆగింది. పెద్దలు కోప్పడితే నా పేరు చెప్పలేదు, తన చెయ్యి జారిందన్నాడు. అదంతా అవ్వ ముందే ఏడుస్తూ చెప్పేశాను.

తాత ఉలి అందుకున్నాడు. మొద్దు పైన సూర్యుడు, చంద్రుడు. కింద చుక్కల వరసల మధ్య ఒట్టి కాళ్లతో డోలు వాయిస్తూ నోరారా నవ్వే మనిషి. పక్కన పెద్ద బూట్ల జత, అందులో రెండు చిన్న కాళ్లు. తుపాకీ లేదు.

"ఫౌజీ అని ఎట్ల తెలుస్తది?" అన్నారు చూసినవాళ్లు.

"బూట్లు ఫౌజువే గద!" అన్నాడు తాత.

మొద్దు పాతిన రోజు అవ్వ ఆ నవ్వే నోటిని తడిమింది. "అగో, మావోడే! చెయ్యి జారిందన్నడు సూడు, దొంగ!" అని నవ్వింది. కబురు వచ్చాక ఆమె నవ్వు వినడం అదే మొదలు.

తర్వాత నాందేడ్‌లో చాలా ఏళ్లు పిల్లలకు డ్రాయింగ్ చెప్పాను. ఎవరి బొమ్మ గీస్తామన్నా ముందు కళ్లు మూసుకోమనేదాన్ని. కొందరు హాయిగా నిద్రపోయేవారు. నా పాఠాల మహిమ కూడా కొంత ఉండేది లెండి.

మొన్న దీపావళికి గోకుంద వెళ్లాను. వానలకు టేకు నెరిసింది, నాలాగే. బూట్లు మాత్రం ఇంకా స్పష్టంగా ఉన్నాయి. చెప్పులు విప్పి, ఆ బూట్ల పక్కన చాలాసేపు నిలబడ్డాను, ఈసారి సరిగ్గా కాపలా కాస్తూ.