పిడికెడు బీడీలు, ఒక రేకుముక్క

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న అవ్వ, "ఏంది బిడ్డా, గంత రంది?" అని అడిగింది.

"బయటోళ్ల దగ్గర చిప్ డిజైన్ కొన్నం అవ్వా. వేలసార్లు పరీక్షించిన. అయినా లోపల దాచిన రహస్య కీని బయటికి పంపే దొంగదారి ఉందేమోనని భయం."

"మా కార్ఖానాల గిట్లనే పిడికెడు తీసి చూస్తరు. చెడ్డయి అడుగున్నే ఉంటయి." చాటలోని రేకుముక్క నా అరచేతిలో పెట్టింది. "ప్రతి ఆకు గీ రేకు కొలత పెట్టే కోస్తం. దీన్ని దాటి ఒక్కటి గూడ పోదు."

ఇక సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను! ఎల్లారెడ్డి బస్టాండు బెంచీ మీదే లాప్‌టాప్ తెరిచి, ఆ రేకులాంటి ఒక్క నియమం రాశాను: రహస్య కీ ఎన్నడూ బయటికి పోకూడదు. ఆ నియమాన్నీ, చిప్ డిజైన్‌నూ ఏ దారినీ వదలకుండా గణితంతో రుజువు వెతికే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చాను.

చేతిలో చాయ్ చల్లారకముందే దొంగదారి తెరమీదికొచ్చింది. నేను తీసిన వేల పిడికిళ్లలో అది ఒక్కసారీ పడలేదు.