కదలని చారలు

కళ్యాణదుర్గంలో తలుపులు చేసే జాకబ్, ఇరవై ఏళ్లుగా చర్చి గిటార్లూ బాగుచేస్తున్నాడు. చెక్క పేరుతో మోసం కనబడితే అతని నోటికి పగ్గాలుండవు.

చెనక్కాయల వ్యాపారి దివాకర్ కూతురి కోసం కొన్న ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చి, పైనున్న చారల చెక్క అసలు మేపుల్ కలపేనన్నాడు. జాకబ్ దాన్ని ఎండలో పట్టుకుని అటూ ఇటూ వంచాడు. అసలు మేపుల్ అయితే వెలుగు పడే తీరునిబట్టి చారలు నీటి అలల్లా కదులుతాయి. ఇవి కదల్లేదు. జాకబ్‌కు ఒళ్లు మండింది.

"పైన ఉండేది కాగితం అన్నా. చెనక్కాయ ఒలిచి, గింజ కొరికి చూడందే మూట ముట్టవే. దీన్ని యాడ చూసి కొన్నావు?"

"ఫోన్‌లో. ఫోటోలో చారలు శానా బాగుండాయప్పా."

"ఆ ఫోటోనే చెక్కకు అతికించి పంపినారు."