మూడుకు తెగని మోటారు

మా పెద్దమామకు అంకెల మీద నమ్మకం, మనుషుల మీద అనుమానం. సదుం దగ్గర ఆయనా ఇద్దరు తమ్ముళ్లూ పొలం పంచుకోకుండా కలిసే సేద్యం చేసేవారు. ఎప్పటికీ అలాగే ఉండాలని ఆయన పట్టు. అందుకే ఉమ్మడికి ఏం కొన్నా దాని మీది నంబరు మూడుకు తెగకూడదు. శేషం లేకుండా భాగారం పోయిందా, ఆ వస్తువు వాపసు. మందుకొట్టే మిషను ఒకటి అలాగే పుంగనూరుకు తిరిగి వెళ్లింది. బాగానే పనిచేస్తోంది కదా అని అంగడాయన అమాయకంగా వాదించాడట.

రెండువేల సంవత్సరం దాటాక బోరుకు కొత్త మోటారు కొన్నారు. నేను మదనపల్లెలో బీఎస్సీ లెక్కలు చదువుతున్నాను. ఆ చదువుతో మా బంధువులకు ఉన్న ఒకే ఒక్క అవసరం కోసం నన్ను పిలిపించారు. మోటారు రేకు మీద కుంకుమ బొట్ల మధ్య 251251 అని ఉంది.

"అంకెలు కూడితే పదహారు. మూడుకు తెగదు మామా."

"రెండుకు?"

"బేసి సంఖ్య. తెగదు."

మామ సంతోషించాడు. నేను అక్కడితో ఆగవలసింది. "కానీ మూడంకెలను పక్కపక్కన రెండుసార్లు రాస్తే వెయ్యిన్నొకటితో గుణించినట్టే. ఏడు, పదకొండు, పదమూడు గుణిస్తే వచ్చేదే వెయ్యిన్నొకటి. అందుకని ఇది ఆ మూడింటికీ తెగుతాది. ఏడుకైతే 35893," అన్నాను.

మామ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"ఏడు యాల వచ్చింది మధ్యలో?"

"నేను తేలేదు మామా. దాంట్లోనే ఉండాది."

"మీ యమ్మ చెప్పి పంపిందా?"

అప్పుడు వెలిగింది నాకు. అన్నదమ్ములు ముగ్గురు, అక్కచెల్లెళ్లు నలుగురు. నలుగురిలో మా అమ్మ ఒకతె. ఆడపిల్లలకూ సమాన వాటా అంటూ చట్టం మారిన కొత్త. ఆ సంగతి అప్పటికి మా కుటుంబంలో మామకు ఒక్కడికే తెలుసని నాకు తర్వాత తెలిసింది.

మర్నాటి నుంచి ఆయన వేరుశెనక్కాయల మూటలతో చెల్లెళ్ల ఇళ్లకు బయలుదేరాడు. మా ఇంట్లో కూర్చుని, "ఏడంటే నీకేమన్నా గుర్తొస్తాండాదామ్మా?" అని అడిగాడు.

"ఏడుకొండలు," అంది అమ్మ. ఆ భక్తి మీద కూడా ఆయనకు అనుమానమే.

చివరికి కుప్పంలో చిన్నమ్మ దగ్గర బండి ఆగింది. "పండగ లేదు, పబ్బం లేదు, కాయలు తెస్తివి. మనం ఏడుగురమని లెక్క చెప్తాండావు. ఏందినా, పొలంలో మాకూ బాగముండాదా?"

మామ కాఫీ తాగకుండా లేచాడట. ఆయన ఊరు చేరేలోపు నలుగురూ ఫోన్లలో మాట్లాడుకున్నారు. ఏడాది తిరిగేసరికి పొలం ఏడు భాగాలైంది. మోటారు మాత్రం ఉమ్మడిదే.

అమ్మ భాగంలో టమేటా వేశాం. నేను అటు వెళ్లినప్పుడల్లా మామ గట్టు మీదికి వస్తాడు. అమ్మ నన్ను పంపలేదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు. మొన్నొకసారి ఎవరూ వినకుండా దగ్గరికి జరిగాడు.

"పదకొండూ, పదమూడూ అని గూడా అంటివి ఆ పొద్దు. వాళ్లెవరప్పా?"