యాదగిరి సార్ నోట్‌బుక్కులో నా పేరు

కొత్తగూడలో మా ఆఫీసు వెనక బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. అక్కడ బూట్లు కీచుమన్నప్పుడల్లా నా రెండు వేళ్లు వాటంతటవే మెడ మీదికి పోతాయి. ఇలా నాడి చూసుకోవడం యాదగిరి సార్ నేర్పిన అలవాటు. తొంభైల చివర్లో, ఇక్కడ ఇంకా బండలు పేల్చి భవనాలు లేపుతున్న రోజుల్లో, ఆయన మా కాలేజీ ఆటల మాస్టారు. మా అమ్మాయిల జట్టుకు ఒకటే జబ్బు, ఆఖరి ఐదు నిమిషాల్లో ఆయాసం. దానికి మందేదో తేల్చాలని సార్ మా పదిమందినీ రెండుగా చీల్చారు. ఐదుగురికి రోజూ ఆగకుండా అరగంట పరుగు. మిగతావాళ్లకు కోర్టులో ఈ గీత నుంచి ఆ గీతకు దౌడు, కాస్త ఆగడం, మళ్లీ దౌడు.

"ఆరు వారాలైనంక అందర్నీ ఉరికిస్త. ఎవరి గుండె జల్ది నెమ్మదిస్తదో ఆ ఐదుగురే జిల్లా పోటీల ఆడతరు. ఎవరి పరుగు వాళ్లే చెయ్యాలె, కలపొద్దు," అన్నారు.

నాకు పొడుగు పరుగు పడింది. గీతలవాళ్లు నా చోటు ఎగరేసుకుపోతారని ఒకటే బెంగ. ప్రగతి నగర్‌లో మా డాబా మీద రోజూ సాయంత్రం దొంగతనంగా గీతల పరుగు కూడా మొదలెట్టాను. "కిందవాళ్లు గొడవకొస్తారే, ఏంటా గుర్రప్పరుగులు!" అని అమ్మ కేకలేసేది.

పరీక్షలో నేనే ఫస్టు. నా అంకె వల్లే మా పొడుగు పరుగు ఐదుగురి సగటు కూడా గీతలవాళ్లకన్నా మెరుగ్గా వచ్చింది. సార్ ముఖం వెలిగిపోయింది. "పొడుగు పరుగే మేలు. రేపటి సంది అందరిదీ అదే!" అంటూ నోట్‌బుక్కులో రాసుకున్నారు. నా అబద్ధాన్ని నమ్మి పదిమందీ పరిగెత్తబోతున్నారు!

అందరూ వెళ్లాక చెప్పేశాను. "నేను రెండూ చేశానండీ సార్. చోటు పోతుందని భయమేసింది."

"ఏందమ్మా, గిట్ల చేస్తవా?" అన్నారు. ఆయన అరిచినా బాగుండేది, అరవలేదు. "ఈసారి నువ్వు ఆడవు. నీ ఒక్కదానితోని లెక్క తేలదు గని, పోటీలకు ఇంక నెల ఉన్నది. అందరితోని రెండూ చేయించి చూస్త."

జిల్లా పోటీలో నేను బెంచీ మీద కూర్చుని నీళ్లు అందించాను. ఆఖరి ఐదు నిమిషాల్లో మావాళ్లు ఒక్కరూ ఆగలేదు. గెలిచారు. ఆనందమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు.

కాలేజీ వదిలే రోజు సార్ ఆ నోట్‌బుక్కులోని కాగితం చింపి నా చేతికిచ్చారు. ఇప్పుడు నా పని సాఫ్ట్‌వేర్ పరీక్షించి తప్పులు చెప్పడం. ఫలితాలు మరీ బాగా వచ్చి, నోరు మూసుకుంటే పోయేదేముంది అనిపించిన రోజున ఆ కాగితం తీస్తాను. అందులో నా పేరు ఎదుట అంకె కొట్టేసి ఉంటుంది. పక్కనే సార్ చేతిరాతలో ఒక్క మాట: "చెప్పింది."