తరువాయి ఐదో పేజీలో

మా పత్రికాఫీసులో ఎడిటర్‌కు భయపడనివాళ్లు ఉన్నారు కానీ కత్తెరక్కయ్యకు భయపడనివాళ్లు లేరు. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది, అక్కడ తప్ప ఎక్కడా వాడరు. మూడో అంతస్తులో, మెట్లు ఎక్కగానే ఎడమ చేతి వైపు ఉన్న పాత కత్తిరింపుల గది ఆమెది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమెదే. పక్క గదిలో ప్రూఫులు దిద్దేవాణ్ణి నేను. మధ్యలో ఉన్నది చెక్క గోడ కాబట్టి ఆమె తిట్లన్నీ నాకు వినబడతాయి, అందులో సగం నాకోసమే.

ఆమె పని చెప్పడానికి చిన్నది. రోజూ పొద్దున్నే పత్రిక రెండు కాపీలు ముందేసుకుని, నాయకులు మాట్లాడినవన్నీ కత్తిరించి, దళసరి కాగితం మీద అతికించి, తేదీ ముద్ర కొట్టి, కింద సంతకం పెట్టి, ఆ నాయకుడి కవరులో పెట్టడం. నాయకుడికో కవరు, పార్టీకో బీరువా. నాయకుడు పార్టీ మారితే కవరు ఈ బీరువాలోంచి ఆ బీరువాలోకి వెళ్లాలి. "వీళ్లు గోడ దూకినప్పుడల్లా విరిగేది నా నడుం" అని సణిగేది. జిగురు సీసా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఇంకో అలవాటు ఉంది, అది చెప్పకపోతే ఈ కథ లేదు. మొదటి పేజీలో వార్త సగం వేసి "తరువాయి ఐదో పేజీలో" అంటాం కదా. ఆమె ఆ రెండు ముక్కలూ కత్తిరించి ఒకదాని కింద ఒకటి అతికిస్తుంది. కాగితంలో చోటు సరిపోదని, తరువాయి ముక్క మీద ఉండే చిన్న శీర్షికను కోసి పారేస్తుంది. అలా చేస్తే రెండు ముక్కలు ఒకే వార్తలా కుదురుతాయి. చూడటానికి ముచ్చటగా ఉండేది. మేమందరం మెచ్చుకునేవాళ్లం.

ఆ రోజు పొద్దున్న వచ్చేసరికి ఆఫీసంతా గోలగోలగా ఉంది. ఒక దేశపు విమానాలు తెల్లవారకముందే వెళ్లి ఇంకో దేశంలోని అణుకేంద్రాల మీద బాంబులు కురిపించి వచ్చాయట. మన నాయకులంతా తొమ్మిది గంటలకల్లా నోళ్లు తెరిచారు. ఇరవై రెండేళ్ల కిందట కూడా ఇలాంటి దాడే ఒకటి జరిగింది. ఎడిటర్ మెట్లెక్కి స్వయంగా పైకి వచ్చాడు.

"అప్పుడు ఎవరేమన్నారు, ఇప్పుడు ఏమంటున్నారు. రేపు పేజీ నిండా వేద్దాం. అయితే అక్కయ్యా, కత్తిరింపులు చాలవు. కంప్యూటర్లో తయారుచేశారు అంటారు ఈ రోజుల్లో. అప్పటి పేజీకి పేజీ ఫోటో కావాలి."

నన్ను సాయానికి పిలిచింది. కవర్లు ఒక్కొక్కటే తీస్తుంటే మాకు మొదట్లో నవ్వే వచ్చింది. అప్పుడు "అమానుషం" అన్నాయన ఇప్పుడు "సాహసం" అంటున్నాడు. అప్పుడు సాహసమన్నాయన ఇప్పుడు కన్నీళ్లు పెట్టుకుంటున్నాడు. ఒకాయన రెండుసార్లూ "ఆచితూచి స్పందిస్తాం" అనే అన్నాడు. "వీడొక్కడే మాట మీద నిలబడ్డాడు, ఏమీ అనకుండా" అని అక్కయ్య ఆయన కవరును నెత్తిన పెట్టుకున్నంత పనిచేసింది.

తర్వాత రెండు కవర్లు మిగిలాయి. ఒకటి ఇప్పటి మంత్రిగారిది, రెండోది మాస్టారిది.

మాస్టారు అంటే బడిలో లెక్కలు చెబుతూ రాజకీయాల్లోకి వచ్చి, రెండుసార్లు గెలిచి, మూడోసారి ఓడి ఇంటికి పోయిన మనిషి. ఊళ్లో ఎక్కడ మీటింగు పెట్టినా యుద్ధాలొద్దు, బాంబులొద్దు అనే చెప్పేవాడు. అలాంటివాడు ఆనాటి దాడిని మెచ్చుకుంటూ మాట్లాడాడని, ఏడాది తర్వాత ఎన్నికలప్పుడు మా పత్రికే బయటపెట్టింది. పక్కనే, ఆనాడు దాడిని గట్టిగా ఖండించిన కుర్ర నాయకుడి మాటలు పెద్ద అక్షరాల్లో వేసింది. మాస్టారు ఓడాడు. కుర్ర నాయకుడు గెలిచి, పెరిగి, ఇప్పుడు మంత్రి అయ్యాడు. శాంతిదూత అని పేరు కూడా తెచ్చుకున్నాడు. అదంతా ఈ గదిలోంచి వెళ్లిన రెండు కాగితాల మహిమ.

అక్కయ్య మాస్టారి కవరులోంచి ఆ కాగితం తీసింది. ఇరవై రెండేళ్ల జిగురు ఎండిపోయి, కింది ముక్క ఊడి బల్ల మీద పడింది.

"ఫోటో తీశాక మళ్లీ అతికిస్తాలే" అంటూ ఆ ఏటి పేపర్లన్నీ కలిపి కుట్టిన బైండు పుస్తకం దించమంది. నాలుగు కిలోల దుమ్ముతో సహా దించాను. తేదీ వెతికి మొదటి పేజీ తీశాం. మాస్టారి వార్త ఉంది, కుర్ర నాయకుడి వార్త దాని పక్కనే ఉంది. రెండింట్లోనూ ఇక్కడున్నది ఎవరు ఎక్కడ మాట్లాడారన్నదే, అసలు మాట లేదు. రెండూ "తరువాయి ఐదో పేజీలో". ఐదో పేజీ తిప్పాను.

పక్కపక్కనే రెండు తరువాయిలు. ఒకదాని నెత్తిన మాస్టారి పేరుతో చిన్న శీర్షిక. దాని కింద ఇలా ఉంది: "ఒకరి కొంపకు నిప్పు పెట్టడాన్ని చూసి చప్పట్లు కొట్టే దేశంగా మనం మిగలకూడదు. దీన్ని ఖండించకపోతే నేను పిల్లల ముందు నిలబడలేను."

ఇంకోదాని నెత్తిన కుర్ర నాయకుడి పేరు. దాని కింద: "చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. మనకూ అంత దమ్ముంటే బాగుండేది."

నేను ముందు నా కళ్లద్దాలను అనుమానించాను. తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. అక్షరాలు మారలేదు. బల్ల మీద ఊడిపడ్డ ముక్క చూశాను, "చేతులెత్తి మొక్కాలి" అని ఉంది. మంత్రిగారి కవరు తెరిచాను. ఆయన పేరు కింద నిప్పు, పిల్లలు, ఖండించడం, అన్నీ మాస్టారి మాటలే.

శీర్షికలు కోసేశాక బల్ల మీద రెండు తల లేని ముక్కలు మిగిలి ఉంటాయి. ఆమె ఆ రెండింటినీ తారుమారు చేసి అతికించింది.

అక్కయ్య రెండు కాగితాల కిందా ఉన్న తన సంతకాలనే చూస్తూ కూర్చుంది. ఆ ఎన్నికల రోజుల్లో మాస్టారు ఈ గదికి వచ్చారు. నేను అలా అనలేదమ్మా, ఒకసారి చూపించు అన్నారు. అప్పుడు ఆ ఏటి పేపర్లన్నీ బైండింగుకు వెళ్లి ఉన్నాయి. అక్కయ్య ఈ కాగితమే తీసి చూపించింది.

"మీ పేరే కదా మాస్టారూ. నేను అతికించింది అబద్ధమాడదు" అంది. పక్కన నిలబడి నేను తలూపాను.

ఆయన రెండుసార్లు చదివారు. "అన్నానేమో. ఆ రోజు చాలామంది అడిగారు, చాలా మాట్లాడాను" అని వెళ్లిపోయారు. మర్నాడు క్షమాపణ రాసి పంపారు, నోరు జారానని, మన్నించమని. ఆ క్షమాపణ ప్రూఫు దిద్దింది నేనే. ఒక్క అచ్చుతప్పు లేకుండా దిద్దాను.

మరి ఆ కుర్ర నాయకుడు ఎందుకు ఊరుకున్నాడని అడగొచ్చు. తనది కాని మంచి మాటను నాది కాదన్న నాయకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

బైండు పుస్తకాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని అక్కయ్య కిందికి దిగింది. వెనక నేను. ఎడిటర్ చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

"రేపు మొదటి పేజీలో మంత్రిగారి ఇంటర్వ్యూ ఉంది. 'అప్పుడూ ఖండించాను, ఇప్పుడూ ఖండిస్తున్నాను' అన్నదే హెడ్డింగు."

"ఉండనివ్వండి. దాని పక్కన ఇది వేయండి. తప్పు నాదని నా పేరుతో వేయండి."

"అక్కయ్యా, నీకింకా రెండు నెలల సర్వీసే ఉంది. పరువుగా దండ వేయించుకుని వెళ్లకూడదా?"

"ఆ మనిషి పరువు ఇరవై ఏళ్ల కిందటే తీశాను. ఇక నా పరువు ఉంటే ఎంత, పోతే ఎంత?"

ఎడిటర్ కూడా ఆ రోజుల్లో విలేఖరే. మాస్టారి మీద ఆ వార్త రాసింది ఆయనే. అది మాకు ముగ్గురికీ తెలుసు. చివరికి పెన్ను తీసి లేఅవుట్ కాగితం మీద మంత్రిగారి ఫోటో కొట్టేశాడు.

"మొత్తం మొదటి పేజీలోనే. తరువాయి ఉండకూడదు" అన్నాడు.

అచ్చుకు వెళ్లేలోపు మాస్టారికి చెప్పాలంది అక్కయ్య. సాయంత్రం ఐదింటికి వెళ్లాం. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భార్య పోయి ఏడాది అయిందని మాకు తెలుసు, ఆ వార్త మా పత్రికలో రెండు లైన్లు వేశాం. తలుపు ఆయనే తీశారు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని ఉన్నారు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లు తెచ్చారు. అక్కయ్య గ్లాసు ముట్టుకోలేదు. పేజీ ఫోటో ఆయన చేతిలో పెట్టి, ఏం చేసిందో చెప్పింది. ఒక్క మాట తగ్గించుకోలేదు, ఒక్క సాకు చెప్పలేదు.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి చదివారు. లెక్క సరిచూసేవాళ్లలా ప్రతి వరుస మీదా వేలు పెట్టి చదివారు. నేను తిట్ల కోసం ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"అయితే నేను అనలేదన్నమాట" అన్నారు.

"అనలేదు మాస్టారూ."

"ఆ రోజు మీ ఆఫీసు నుంచి ఇంటికొచ్చి మా ఆవిణ్ణి అడిగాను, నేను అలా అన్నానా అని. మీరలా అనరండీ అంది. కాగితం చూశానే, ఉంది అన్నాను. కాగితం అబద్ధం అంది. నోర్ముయ్, నీకేం తెలుసని కసిరాను." ఫోటో వంక చూస్తూనే ఉన్నారు. "ఎప్పుడన్నానా, ఎందుకన్నానా అని ఇరవై ఏళ్లు నన్ను నేనే తవ్వుకున్నానమ్మా. నా మీద నాకే నమ్మకం పోయింది. ఆవిడ మాత్రం పోయేదాకా అదే మాట మీద ఉంది."

అక్కయ్య రెండు చేతులూ జోడించింది. ఆయన చూడలేదు. అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కాగితం పట్టుకుని గబగబా వంటింటి వైపు నడిచారు.

"ఏమోయ్, విన్నావా" అన్నారు.

గడప దగ్గర ఆగిపోయారు. లోపల లైటు వేసి లేదు.