అల్లుడుగారి వైరింగు

ఆరకుండా వెలిగే దీపాన్ని అఖండ దీపం అంటారు. ఆగకుండా మోగే ఇంజనుని ఏమంటారో తెలీదు గాని, అలాంటిదాన్ని ద్రాక్షారామం గుడి ముందు నిలబెట్టిన ఘనుణ్ణి మాత్రం నేనే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

పెళ్ళయిన కొత్త. అత్తవారిది మండపేట దగ్గర పల్లెటూరు. మావయ్యగారికి ఓ పాత పెట్రోలు కారుండేది. అత్తయ్యగారు కాపురానికి వచ్చింది అందులోనే. దాని ఇంజను ప్రాణం వదిలి ఏళ్ళయింది. మోకాలి ఆపరేషనయి మళ్ళీ నడవగలిగితే ఆ కారులోనే భీమేశ్వరస్వామి దర్శనానికి వస్తానని అత్తయ్యగారు మొక్కుకున్నారు. మోకాలు బాగయింది. ఇక కారు బాగవ్వాలి. మావయ్యగారు ఎక్కణ్ణుంచో డీజిలు ఇంజను తెచ్చి మెకానిక్ చేత బిగింపించారు. వైర్లు కలపడమే మిగిలింది.

"రేపు ఎలక్ట్రీషియన్ వస్తాడండి," అన్నారు మావయ్యగారు.

"ఎలక్ట్రీషియన్ ఎందుకండీ, నేను లేనా?" అన్నాను. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. అప్పటికి తోలింది స్కూటరొక్కటే.

"మీకెందుకండీ శ్రమ..." అని నసిగారాయన. గోదావరి మావగారు అల్లుడికి వద్దని చెప్పడం అంతవరకే. అంతకు మించితే మర్యాద కాదు.

డీజిలు ఇంజను ఆగాలంటే డీజిలునే ఆపాలి. అందుకో చిన్న భాగం ఉంది. కరెంటు ఉన్నంతసేపూ డీజిలు వదులుతుంది, పోగానే మూసేస్తుంది. దాని వైరు తాళం దగ్గర్నుంచి రావాలి. నేనేమో ఇంత ముఖ్యమైనదానికి కరెంటు ఎప్పుడూ అందాలి కదా అని నేరుగా బ్యాటరీకి కలిపేశాను. పైగా అన్నిటికీ ఎర్ర వైరే వాడి, జడ అల్లినట్టు అల్లి, నల్లటేపు చుట్టేశాను. ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు!

పొద్దున్నే తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. "అల్లుడుగారు సామాన్యులు కాదండీ," అని మురిసిపోయారు అత్తయ్యగారు. ఆగుతుందో లేదో చూడాలని ఎవరికీ తోచలేదు, నాకసలే తోచలేదు.

మా ఆవిడతో కలిపి నలుగురం బయల్దేరాం. గుడి ముందు మావయ్యగారు తాళం తీసి జేబులో వేసుకున్నారు. ఇంజను దడదడలాడుతూనే ఉంది.

"ఏంటండీ ఇది?" అన్నారు అత్తయ్యగారు.

"వేడి మీదుందండీ, చల్లారితే అదే ఆగుతుంది," అన్నాను.

మోగుతున్న ఇంజను ఎలా చల్లారుతుందని మీరు అడగొచ్చు. మా వాళ్ళు మర్యాదస్థులు, అడగలేదు. బానెట్ ఎత్తాను. ఆ జడలో ఏ పాయ ఎటు పోతోందో అల్లినవాడికే తెలియలేదు. బ్యాటరీ తీగ పీకాను. అయినా ఆగలేదు. ఇంజను తన కరెంటు తనే పుట్టించుకుంటోంది మరి. తీగ మళ్ళీ తగిలించేశాను. జనం మూగారు. గుడి మూసే వేళవుతోంది.

"మీరిద్దరూ వెళ్ళి రండి బాబూ," అన్నారు మావయ్యగారు. "నేనూ మీ అత్తయ్యా కారు దగ్గరుంటాం. ఇక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకుంటాం."

కుక్క పని గాడిద చేస్తే వీపు పగిలిందంటారు. ఇక్కడ గాడిదను నేనే, పగిలిన వీపు మాత్రం అత్తయ్యగారిది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. "ఆ ఇంజను ఆపు తండ్రీ" అని స్వామిని వేడుకుంటూ ప్రదక్షిణాలు చేస్తూనే ఉన్నాను.

బయటికొస్తే అదే దడదడ. మావయ్యగారు స్టీరింగు ముందు, అత్తయ్యగారు పక్కన బుద్ధిగా కూర్చున్నారు. ఇద్దరి నుదుటా తడారని విభూతి.

"క్షమించండి మావయ్యగారూ, నా వల్ల మీకు దర్శనం..." అంటూండగానే పక్క కొట్లోంచి కొబ్బరికాయలతను కేకేశాడు. "ఏవండీ, ఇందాక గేరులో వేసి, బ్రేకు తొక్కి, టక్కున ఆపేశారు కదండీ! గుళ్ళోంచి వచ్చి మళ్ళీ ఎందుకండీ స్టార్టు చేశారు?"

"ఊరుకోవయ్యా," అని గుడ్లురిమారు మావయ్యగారు. "అల్లుడుగారున్నారు!"

అల్లుడు పదిమందిలో చిన్నబోకూడదని, ఆగిన ఇంజనుని మళ్ళీ లేపి కూర్చున్నారు ఆ మహానుభావులు. సిగ్గుతో చచ్చాను. ఆయన మీద ప్రేమతో అంతకంటే ఎక్కువ చచ్చాను.

కాబట్టి భీమేశ్వరస్వామి సాక్షిగా చెబుతున్నాను. అత్తవారింట ఇక ఏ వైరూ ముట్టను. బల్బు మాడిపోయినా చెయ్యి పెట్టను, చీకట్లోనే భోంచేస్తాను. వడ్డించేది మనవాళ్ళయితే చీకట్లో కూర్చున్నా ఫరవాలేదు.